ఎవరు ఎవరి కోసం ఆగుతారు?

అందరికీ నమస్కారం.

వివిధ దేశాల ప్రయాణికుల రైళ్లను పోల్చి చెప్పమని నన్ను పిలిచారు. ఈ పోలిక అనగానే ఎవరైనా ముందు వేగాల పట్టిక వేస్తారు. ఫ్రాన్స్‌లో గంటకు 320 కిలోమీటర్లు, జపాన్‌లో 320, చైనాలో 350. ఆ పట్టిక చూసి ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో తేల్చేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చూశాను. కానీ వేరువేరు దేశాల టైమ్‌టేబుళ్లను పక్కపక్కన పెట్టుకుని చదవడం అలవాటయ్యాక ఆ పట్టిక మీద నాకు నమ్మకం సడలింది. ప్రయాణికుడి రోజును పాడుచేసేది బండి పరుగెత్తే సమయం కన్నా బండి ఆగి ఉన్న సమయం. ఊరి బయట సిగ్నల్ కోసం నిలబడిపోయిన ఇరవై నిమిషాలు, జంక్షన్‌లో దిగేసరికి తోక మాత్రమే కనిపించిన కనెక్షన్ బండి, ఆ తరవాత బల్ల మీద కూర్చుని గడిపిన గంటన్నర. ఇవి ఏ వేగాల పట్టికలోనూ ఉండవు.

అందుకని ఈ సాయంత్రం ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని దేశాలు తిరుగుదాం. ఒకే పట్టాల మీదికి రెండు బండ్లు వస్తే ఏది ఆగుతుంది? ఒక బండి ఆలస్యమైతే తరవాతి బండి దానికోసం ఆగుతుందా? ఎవరు ఎవరి కోసం ఆగుతారు? ఒక దేశం తన ప్రయాణికుడికి ఎంత విలువ ఇస్తుందో ఈ ప్రశ్నకు దొరికే జవాబులో తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

అమెరికాతో మొదలుపెడతాను. అక్కడ ఈ ప్రశ్నకు చట్టంలో ఒక జవాబు ఉంది, పట్టాల మీద మరో జవాబు ఉంది. 1960లలో అక్కడి రైళ్లను ప్రైవేటు కంపెనీలే నడిపేవి. హైవేలు, విమానాలు వచ్చాక ప్రయాణికుల బండ్లు నష్టాల్లో కూరుకుపోయాయి. వాటిని ఎలాగైనా దించుకోవాలని కంపెనీలు చూశాయి. చివరికి ప్రభుత్వమే ఆమ్‌ట్రాక్ అనే సంస్థను పెట్టి, 1971 మే 1 నుంచి ఆ బరువును దాని భుజం మీదికి మార్చింది. పట్టాలు మాత్రం చాలావరకు కంపెనీల చేతిలోనే మిగిలిపోయాయి. ప్రయాణికుల బండికి గూడ్స్ బండి దారి ఇవ్వాలని 1973లో చట్టం చేశారు. చదివితే ఎంతో స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ హక్కుకు భంగం కలిగిందని కోర్టుకు వెళ్లే అధికారం ఆమ్‌ట్రాక్‌కు లేదు. అది న్యాయశాఖ చేతిలో ఉంది. ఆ న్యాయశాఖ కోర్టు మెట్లెక్కింది 1979లో ఒకసారి, మళ్లీ 2024లో మరోసారి.

ఇక పట్టాల మీద జరిగేది చూడండి. అక్కడ చాలా మార్గాలు సింగిల్ లైన్లు. ఎదురెదురుగా వచ్చే బండ్లు తప్పుకోవడానికి అక్కడక్కడ లూప్ లైన్లు ఉంటాయి. గూడ్స్ కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి బండ్ల పొడవు పెంచుకుంటూ పోయాయి. రెండు, మూడు కిలోమీటర్ల పొడవున్న గూడ్స్ బండ్లు అక్కడ మామూలే. అంత పొడవైన బండి పాతకాలపు లూప్ లైన్‌లో పట్టదు. పట్టని బండి పక్కకు తప్పుకోలేదు కదా! పొట్టిగా ఉన్న ప్రయాణికుల బండే లూప్‌లోకి వెళ్లి నిలబడుతుంది. చట్టం ఏమి చెప్పినా, లూప్ లైన్ పొడవు చెప్పిందే జరుగుతుంది. రైలు రంగంలో నాకు అన్నిటికన్నా పెద్ద పాఠం నేర్పిన విషయం ఇదే. కాగితం మీద ఇచ్చిన హక్కును నేల మీద ఇనుముతో, కాంక్రీటుతో కట్టకపోతే అది ప్రయాణికుడి దాకా చేరదు.

అదే ఆమ్‌ట్రాక్, అదే దేశం, కానీ వాషింగ్టన్ నుంచి న్యూయార్క్ మీదుగా బోస్టన్ వెళ్లే మార్గానికి రండి. సుమారు 735 కిలోమీటర్లు. ఇందులో ఎక్కువ భాగం ఆమ్‌ట్రాక్ సొంతం. అక్కడ ప్రయాణికుల బండ్లదే రాజ్యం. న్యూయార్క్, వాషింగ్టన్‌ల మధ్య విమానాలన్నిటిలో కలిపి వెళ్లేవారి కన్నా ఆమ్‌ట్రాక్ రైళ్లలో వెళ్లేవారే ఎక్కువ. అమెరికన్లకు రైలంటే ఇష్టం లేదని, కారు వాళ్ల సంస్కృతి అని అలవాటుగా చెప్పేవారికి నేను ఈ ఒక్క మార్గాన్ని చూపిస్తాను. బండి నమ్మకంగా నడిచిన చోట మనుషులు ఎక్కుతున్నారు.

అమెరికాకు న్యాయం చేయాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. సరుకు రవాణాలో ఆ దేశపు రైళ్లు ప్రపంచంలోనే బలమైనవి. ఐరోపాలో మనుషులు హాయిగా రైలెక్కుతారు, సరుకులో ఎక్కువ భాగం లారీల్లో వెళుతుంది. భారతదేశంలో ఈ రెండూ ఒకే పట్టాల మీద కిక్కిరిసి నడుస్తాయి. ఎక్స్‌ప్రెస్ బండికి దారి ఇవ్వడానికి గూడ్స్ బండి గంటల కొద్దీ ఆగుతుంది, ప్రయాణికుల టిక్కెట్ల మీద వచ్చే నష్టాన్ని మళ్లీ ఆ గూడ్స్ బండి సంపాదనే పూడుస్తుంది. సరుకు కోసం విడిగా ప్రత్యేక మార్గాలు వేయడం మొదలుపెట్టింది అందుకే. ఒకరు ఆగితేనే మరొకరు కదిలే ఏర్పాటుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దగ్గరికి చేరిన దేశానికి విడదీయడం తప్ప దారి లేదు.

విడదీయడం అనే ఆలోచనను మొదట చివరిదాకా తీసుకెళ్లింది జపాన్. అక్కడి పాత మార్గాల గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,067 మిల్లీమీటర్లు. ఇరుకు పట్టాలు, కొండల మధ్య వంకరలు. టోక్యో, ఒసాకాల మధ్య మార్గం 1950లకే నిండిపోయింది. ఉన్న దాని పక్కనే మరో జత పట్టాలు వేస్తే సరిపోతుందని చాలామంది అన్నారు. జపాన్ జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజి సోగో ఒప్పుకోలేదు. 1955లో ఆ పదవి చేపట్టేనాటికి ఆయనకు 71 ఏళ్లు. ఆయన, ప్రధాన ఇంజనీరు హిదెయో షిమా కలిసి పూర్తిగా కొత్త మార్గమే వేయాలని పట్టుపట్టారు. 1,435 మిల్లీమీటర్ల గేజ్. లెవెల్ క్రాసింగ్ ఒక్కటి కూడా లేదు. గూడ్స్ బండి లేదు, పాత మార్గాల నెమ్మది పాసింజరు బండి లేదు. ప్రపంచ బ్యాంకు నుంచి 8 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. ఖర్చు మొదటి అంచనాకు దాదాపు రెట్టింపు అయింది. దానికి బాధ్యత వహించి 1963లో ఇద్దరూ పదవులు వదులుకున్నారు. 1964 అక్టోబర్ 1న టోక్యో స్టేషన్‌లో మొదటి షింకాన్‌సెన్, అంటే మనం బుల్లెట్ రైలు అనేది, బయలుదేరినప్పుడు వేదిక మీద ఆ ఇద్దరూ లేరు. ప్రారంభోత్సవానికి వాళ్లను పిలవలేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆ మార్గం పొడవు 515 కిలోమీటర్లు. మొదట్లో నాలుగు గంటలు పట్టేది. ఇప్పుడు రెండు గంటల ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ. కానీ నన్ను ఆశ్చర్యపరిచేది దాని రద్దీ. నొజోమి అనే వేగవంతమైన బండ్లే గంటకు 12 దాకా ఒక్కో దిశలో వెళ్లగలవు. ఒక్కో బండికి 16 పెట్టెలు, 1,323 సీట్లు. టోక్యోలో బండి ఖాళీ అయ్యాక శుభ్రం చేసేవారికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో సీట్లన్నీ తిప్పి, చెత్త తీసి, తుడిచి దిగిపోతారు. అదే పట్టాల మీద ప్రతి స్టేషన్‌లో ఆగే కొదమా బండ్లు కూడా ఉన్నాయి. వెనక నుంచి నొజోమి వస్తుంటే కొదమా స్టేషన్‌లో పక్క లైన్ మీద నిలబడి దారి ఇస్తుంది. అంటే అక్కడా ఒక బండి మరో బండి కోసం ఆగుతుంది. తేడా ఏమిటంటే ఆ ఆగడం టైమ్‌టేబుల్‌లో నిమిషాలతో సహా ముందే రాసి ఉంటుంది. కొదమా ఎక్కిన మనిషికి తాను ఎక్కడ ఎంతసేపు ఆగుతాడో ఇంట్లో బయలుదేరేటప్పుడే తెలుసు. తెలిసి ఆగడం వేరు, తెలియక ఆగడం వేరు.

అరవై ఏళ్లు దాటినా షింకాన్‌సెన్‌లో ఢీకొనడం వల్ల గానీ, పట్టాలు తప్పడం వల్ల గానీ ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. 2004లో భూకంపం వచ్చి ఒక బండి పట్టాలు తప్పినా ఎవరి ప్రాణమూ పోలేదు. వేరే మార్గం కట్టుకోవడంలోని అసలు లాభం ఈ భద్రతే అని నా అభిప్రాయం. వేగం దాని వెంట వచ్చింది.

జపాన్ గురించి మాట్లాడేటప్పుడు షింకాన్‌సెన్ దగ్గరే ఆగిపోకూడదు. రోజూ కోట్లమందిని మోసేది నగరాల చుట్టూ తిరిగే మామూలు రైళ్లే. అందులో చాలా ప్రైవేటు కంపెనీలవి. 1910లో ఒసాకా దగ్గర మొదలైన ఒక చిన్న విద్యుత్ రైలు కంపెనీ, తరవాతి కాలంలో హాన్‌క్యూ అయింది. దాన్ని నడిపిన ఇచిజో కొబయాషి ఒక కొత్త దారి తొక్కాడు. పట్టాల వెంబడి స్థలాలు కొని ఇళ్లు కట్టి వాయిదాల మీద అమ్మాడు. లైన్ చివర వినోదశాల పెట్టాడు. 1929లో నగరంలోని స్టేషన్‌కు ఆనుకుని డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. రైలు దిగిన మనిషి కూడా కంపెనీకి ఆదాయమే అయ్యాడు. రైలు బాగా నడిస్తే ఇంటి స్థలం ధర పెరుగుతుంది, ఆ పెరుగుదల రైలు కంపెనీకే దక్కుతుంది. వేరే దేశాల్లో రైలు వల్ల పెరిగిన భూమి విలువ ఎవరి జేబులోకో పోతుంది, రైలుకు నష్టం మిగులుతుంది. సుమారు 37 లక్షల కోట్ల యెన్ల అప్పుతో కుంగిపోయిన జాతీయ రైల్వేను 1987 ఏప్రిల్ 1న ముక్కలు చేసి కంపెనీలుగా మార్చినప్పుడు, వాటిలో పెద్దవి ఈ పద్ధతినే పట్టుకున్నాయి. మంచు కురిసే హొక్కైడో ద్వీపంలో మాత్రం జనం పలచన. అక్కడి కంపెనీ నష్టాల్లోనే ఉంది, లైన్లు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. ప్రైవేటు చేస్తే అంతా బాగుపడుతుందనేవారు హొక్కైడో గురించి కూడా మాట్లాడాలి.

ఇక మీకు ఒక బాధాకరమైన సంఘటన చెప్పాలి. దీన్ని వదిలేసి జపాన్ సమయపాలనను పొగడటం నాకు సరి అనిపించదు. 2005 ఏప్రిల్ 25 ఉదయం. అమగసాకి అనే చోట ఒక లోకల్ రైలు వంపులో పట్టాలు తప్పి అపార్ట్‌మెంట్ భవనాన్ని ఢీకొంది. డ్రైవర్‌తో సహా 107 మంది చనిపోయారు. ఆ డ్రైవర్ వయసు 23. ముందు స్టేషన్‌లో బండిని ఆపవలసిన చోటు దాటి ఆపాడు. వెనక్కి తెచ్చేసరికి నిమిషంన్నర దాకా ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవాలని గంటకు 70 కిలోమీటర్లు దాటకూడని వంపులోకి 116 కిలోమీటర్ల వేగంతో వెళ్లాడు. తప్పు చేసిన డ్రైవర్లను పునశ్శిక్షణ పేరుతో అవమానించే పద్ధతి ఆ కంపెనీలో ఉండేదని, ఆ భయం అతని మీద పనిచేసిందని దర్యాప్తు తేల్చింది. ఆ తరవాత టైమ్‌టేబుల్‌లో వెసులుబాటు పెంచారు, వంపుల దగ్గర వేగాన్ని తగ్గించే యంత్రాలు పెట్టారు. నిమిషం ఆలస్యాన్ని నేరంగా చూస్తే ఆ నిమిషానికి ఎంత ఖరీదు పడుతుందో అక్కడ తేలింది.

ఫ్రాన్స్‌ను తొందరగా దాటుతాను. 1981 సెప్టెంబర్‌లో పారిస్, లియాన్‌ల మధ్య టీజీవీ అనే వేగబండి మొదలైంది. జపాన్‌కు లేని సౌకర్యం ఒకటి ఫ్రాన్స్‌కు ఉంది. పాత పట్టాలు, కొత్త పట్టాలు ఒకే గేజ్. అందువల్ల ఊరి బయట కొత్త మార్గంలో దూసుకుపోయిన బండి, ఊళ్లోకి వచ్చేటప్పుడు పాత పట్టాలెక్కి నడిబొడ్డున ఉన్న స్టేషన్‌కు చేరుతుంది. ఖర్చు ఎంతో కలిసివచ్చింది. కానీ మార్గాలన్నీ పారిస్ నుంచి గొడుగు ఊచల్లా బయటికి వెళతాయి. ఒక ఊచ మీది ఊరి నుంచి పక్క ఊచ మీది ఊరికి వెళ్లాలంటే ఈనాటికీ కష్టమే. చిన్న లైన్ల మీద ఎన్నో ఏళ్లు శ్రద్ధ పెట్టలేదు. స్పెయిన్‌లో గేజే వేరు, 1,668 మిల్లీమీటర్లు. వాళ్లు 1992లో మాడ్రిడ్, సెవిల్‌ల మధ్య వేగమార్గాన్ని ప్రపంచ ప్రమాణమైన 1,435 మీద వేసి, నడుస్తూనే చక్రాల మధ్య దూరం మార్చుకునే తాల్గో బండ్లతో రెంటినీ కలిపారు. ఇప్పుడు ఐరోపాలో అన్నిటికన్నా పొడవైన వేగమార్గాలు వాళ్లవే. 2021 నుంచి అదే పట్టాల మీద పోటీ కంపెనీలు బండ్లు నడుపుతున్నాయి. ఛార్జీలు తగ్గాయి, జనం పెరిగారు.

స్విట్జర్లాండ్ దగ్గర మాత్రం నన్ను తొందరపెట్టకండి. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే దానికోసం.

1982 మే 23న ఆ దేశం కొత్త టైమ్‌టేబుల్ తెచ్చింది. ప్రతి మార్గంలో ప్రతి గంటకు ఒక రైలు, అదీ ప్రతి గంటా అదే నిమిషానికి. మీ స్టేషన్‌లో బండి 7 గంటల 12 నిమిషాలకు ఉంటే 8:12కు, 9:12కు, రాత్రి 9:12కు కూడా ఉంటుంది. నెదర్లాండ్స్ 1970లోనే ఇలాంటి పద్ధతి తెచ్చింది. స్విస్ వాళ్లు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. ముఖ్యమైన జంక్షన్లలో అన్ని వైపుల నుంచి వచ్చే బండ్లూ గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు చేరుకోవాలి. కాసేపు అన్నీ ప్లాట్‌ఫారాల మీద నిలబడాలి. జనం ఒక దాన్నుంచి మరోదానికి మారాలి. గంట కొట్టాక అన్నీ తలో దిక్కుకు బయలుదేరాలి. సంతలో నలుగురూ ఒకే వేళకు కలిసి విడిపోయినట్టు.

ఇది జరగాలంటే జంక్షన్ల మధ్య ప్రయాణం గంటకు కాస్త తక్కువగానో, అరగంటకు కాస్త తక్కువగానో ఉండాలి. జూరిక్, బెర్న్‌ల మధ్య అప్పట్లో 69 నిమిషాలు పట్టేది. 8 గంటలకు జూరిక్‌లో బయలుదేరితే 9:09కి బెర్న్ చేరతారు. అక్కడి నుంచి వెళ్లవలసిన బండ్లు 9 గంటలకే వెళ్లిపోయి ఉంటాయి. మీరు 51 నిమిషాలు కూర్చోవాలి. ఆ ప్రయాణాన్ని 56 నిమిషాలకు తగ్గించారనుకోండి. 8:56కు దిగుతారు, ఎదురుగా ఉన్న బండి ఎక్కుతారు. పట్టాల మీద తగ్గింది 13 నిమిషాలు, బెర్న్ దాటి వెళ్లే మనిషికి మిగిలింది గంట. అదే 45 నిమిషాలకు తగ్గించి ఉంటే? ఎన్నో వందల కోట్లు ఎక్కువ ఖర్చయ్యేది, ఆ మనిషి ప్లాట్‌ఫారం మీద పదిహేను నిమిషాలు నిలబడేవాడు. అందుకే స్విస్ ఇంజనీర్లు వీలైనంత వేగం అడగలేదు, అవసరమైనంత వేగమే అడిగారు. గంటకు 200 కిలోమీటర్లు చాలు అన్నారు. మాట్‌స్టెటెన్, రోత్‌రిస్ట్‌ల మధ్య సుమారు 45 కిలోమీటర్ల కొత్త మార్గం వేశారు. 2004 డిసెంబర్‌లో ఆ 56 నిమిషాల ప్రయాణం మొదలైంది.

ఈ క్రమం ఎంత అరుదైనదో గమనించండి. మిగతా దేశాలు ముందు మార్గం కడతాయి, తరవాత దాని మీద ఏ బండ్లు నడపాలో ఆలోచిస్తాయి. స్విట్జర్లాండ్ ముందు టైమ్‌టేబుల్ రాసుకుంది. ఆ టైమ్‌టేబుల్‌కు ఏ సొరంగం, ఏ వంతెన, ఏ అదనపు ప్లాట్‌ఫారం కావాలో లెక్కవేసి అంతవరకే కట్టింది. అది కూడా జనాన్ని అడిగి. 1987 డిసెంబర్ 6న ఈ పథకం మీద దేశమంతటా ఓటింగ్ జరిగితే 57 శాతం మంది ఔనన్నారు. వాళ్లను ఒప్పించగలిగింది ఎందుకంటే, అందులో కొండ మీది చిన్న ఊరికి కూడా వాటా ఉంది. రైలు దిగిన వారి కోసం స్టేషన్ బయట పసుపు రంగు పోస్టు బస్సు సిద్ధంగా ఉంటుంది. రైలు కొద్ది నిమిషాలు ఆలస్యమైతే వీలైనంతవరకు ఆగుతుంది. నలుగురు ప్రయాణికులే ఉన్నా సరే, ఆ బస్సు వాళ్లకోసం ఎదురుచూడటం నాకు ఏ బుల్లెట్ రైలు కన్నా గొప్పగా అనిపిస్తుంది.

స్విట్జర్లాండ్ చిన్న దేశమని, డబ్బున్న దేశమని మీరు అనవచ్చు. నిజమే. విడిగా కొనే టిక్కెట్టు ధర చాలా ఎక్కువ, అందుకే లక్షలమంది సగం ఛార్జీ కార్డు తీసుకుంటారు. ప్రభుత్వం పెట్టే డబ్బూ తక్కువేమీ కాదు. అయితే పక్కనే ఉన్న జర్మనీ కూడా డబ్బున్న దేశమే. అక్కడ 2024లో దూరప్రయాణ రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతం. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా. స్విట్జర్లాండ్‌లో ఆ వెసులుబాటు మూడు నిమిషాలే. అందువల్ల రెండు దేశాల శాతాలను పక్కన పెట్టి చూసేటప్పుడు ముందు ఎవరి గడియారం ఎంత ఉదారమైనదో అడగండి. రద్దయిన బండి జర్మనీ లెక్కలో ఆలస్యంగా రాదు, ఎందుకంటే అది అసలు చేరనే లేదు! స్టేషన్‌లో నిలబడిపోయిన మనిషి ఆ లెక్కలో ఎక్కడా కనబడడు.

జర్మనీ కష్టానికి కారణం తెలిసిందే. దశాబ్దాల పాటు పట్టాలకు, సిగ్నళ్లకు పెట్టవలసిన డబ్బు పెట్టలేదు. వేగబండి, లోకల్ బండి, గూడ్స్ బండి చాలాచోట్ల ఒకే జత పట్టాలను పంచుకుంటాయి. ఒకటి ఆగితే దాని వెనక వరసగా అన్నీ ఆగుతాయి. ఆ ఆలస్యం సరిహద్దు దాటి తమ గంటల గొలుసును తెంపకుండా, బాగా ఆలస్యంగా వచ్చిన జర్మన్ రైళ్లను స్విస్ వాళ్లు సరిహద్దు నగరమైన బాజెల్‌లోనే ఆపి, అక్కడి నుంచి తమ బండిని సమయానికి బయలుదేరదీస్తారు. కొన్ని వందలమంది బండి మారవలసి వస్తుంది, దేశంలోని వేలమంది కనెక్షన్లు నిలబడతాయి. కఠినమైన నిర్ణయమే, కానీ నేను దాన్ని సమర్థిస్తాను. జర్మనీ ఇప్పుడు మేలుకుంది. ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్‌ల మధ్య మార్గాన్ని 2024లో ఐదు నెలలు పూర్తిగా మూసి, పట్టాలు, సిగ్నళ్లు అన్నీ ఒకేసారి మార్చారు.

బ్రిటన్‌లో ఆగడానికి ధర కట్టారు. 1993 చట్టం తరవాత పట్టాలు ఒక కంపెనీకి, బండ్లు ఎన్నో కంపెనీలకు వెళ్లాయి. బండి ఆలస్యమైతే తప్పు ఎవరిదో తేల్చి, వాళ్ల నుంచి డబ్బు వసూలు చేయాలి. దానికోసమే ప్రత్యేకంగా ఉద్యోగులు పుట్టుకొచ్చారు. వేరే కంపెనీ బండి కోసం మన బండిని ఆపితే, ఆ ఆలస్యం మన లెక్కలో పడుతుంది. అలాంటప్పుడు ఎవరు ఆగుతారు? అంతకన్నా ఘోరం 2000 అక్టోబర్ 17న హాట్‌ఫీల్డ్‌లో జరిగింది. పగుళ్లు పట్టిన పట్టా విరిగి బండి పడిపోయింది, నలుగురు చనిపోయారు. ఆ పట్టా పాడైందని ముందే తెలుసు. ప్రమాదం తరవాత ఇలాంటి పట్టాలు ఇంకెన్ని ఉన్నాయో సరిగా తెలియక దేశమంతటా వందల చోట్ల వేగం తగ్గించవలసి వచ్చింది. మరుసటి ఏడాది పట్టాల యజమాని అయిన రైల్‌ట్రాక్ కంపెనీ చేతులెత్తేసింది. పట్టాలు ఎప్పుడో ప్రభుత్వ సంస్థకు వచ్చాయి, 2024 చట్టంతో బండ్లు కూడా ఒక్కొక్కటిగా తిరిగి వస్తున్నాయి.

చైనా అంకెలు మీకు తెలిసినవే. 2008లో బీజింగ్, తియాన్‌జిన్‌ల మధ్య మొదలుపెట్టి 2024 చివరికి 48,000 కిలోమీటర్ల వేగమార్గాలు వేశారు. బీజింగ్ నుంచి షాంఘై 1,318 కిలోమీటర్లు, నాలుగున్నర గంటల లోపే. మనిషి చేసిన నిర్మాణాల్లో ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్దది మరొకటి చెప్పడం కష్టం. 2011 జులైలో వెన్‌జౌ దగ్గర రెండు బండ్లు ఢీకొని 40 మంది చనిపోయాక వేగం తగ్గించారు, కొన్నేళ్లు గడిచాకే మళ్లీ 350కి పెంచారు. రైల్వే సంస్థ అప్పు సుమారు 6 లక్షల కోట్ల యువాన్లు. ఇక నా ప్రశ్న అడిగితే, అక్కడ బండి ఆగదు, ప్రయాణికుడే ముందు వచ్చి ఆగాలి. చాలా కొత్త స్టేషన్లు ఊరికి దూరంగా ఉన్నాయి. సామాను తనిఖీ, గుర్తింపు కార్డు, వెయిటింగ్ హాలు, బండి కదలడానికి కొన్ని నిమిషాల ముందే మూసేసే గేటు. విమానాశ్రయం లాంటి క్రమం.

కానీ చైనాలో నాకు ప్రియమైనది మరొకటి. సిచువాన్‌లోని లియాంగ్‌షాన్ కొండల్లో, 1970లో పూర్తయిన పాత చెంగ్డు–కున్మింగ్ మార్గంలో ఒక నెమ్మది బండి నడుస్తుంది. ప్రతి చిన్న స్టేషన్‌లో ఆగుతుంది. యీ జాతి రైతులు కోళ్లు, బాతులు, పందులతో సహా ఎక్కి సంతకు వెళతారు. పశువుల కోసం అందులో ప్రత్యేకంగా చోటు చేశారు. టిక్కెట్టు ధర దశాబ్దాలుగా మార్చలేదు. గంటకు 350 కిలోమీటర్ల బండ్లున్న దేశం ఈ బండిని రద్దు చేయకుండా నడుపుతోంది. దేశం ఆ రైతు కోసం ఆగుతోందన్నమాట.

ప్రశ్నలకు సమయం ఉంది కదా, అడగండి.

(సభలో ఒకరు: టిక్కెట్లు ఉచితం చేస్తే జనం రైలెక్కరా?)

లక్సెంబర్గ్ 2020 ఫిబ్రవరి 29 నుంచి ఫస్ట్ క్లాసు తప్ప అన్నీ ఉచితం చేసింది. జర్మనీ 2022 వేసవిలో మూడు నెలలు, నెలకు 9 యూరోల టిక్కెట్టు ఇచ్చింది. 5 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ధర తగ్గితే జనం వస్తారు, అందులో సందేహం లేదు. కానీ ఆ వేసవిలో జర్మన్ రైళ్లలో నిలబడటానికి చోటు లేదు. కొత్తగా వచ్చినవారిని మోయడానికి పెట్టెలు, పట్టాలు ముందే సిద్ధం చేసి ఉంటే ఆ జనం నిలిచేవారు. ఛార్జీ తగ్గించడం, బండ్లు పెంచడం, ఈ రెంటిలో ఒకదానికే డబ్బు ఉంటే నేను గంటకు ఒక బండి ఉన్న చోట అరగంటకు ఒక బండి వేస్తాను.

(మరొకరు: మూసేసిన లైన్లు మళ్లీ తెరిచిన దేశం ఏదైనా ఉందా?)

ఉంది. 1963లో బ్రిటన్‌లో రైల్వే బోర్డు అధ్యక్షుడు బీచింగ్ ఇచ్చిన నివేదిక వచ్చాక వేల కిలోమీటర్ల లైన్లు, రెండు వేలకు పైగా స్టేషన్లు మూసేయాలని తలపెట్టారు. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరా నుంచి దక్షిణంగా సరిహద్దు సీమకు వెళ్లే మార్గం 1969 జనవరిలో అలా పోయింది. పట్టాలు పీకేశారు, కొన్నిచోట్ల ఆ జాగాలో రోడ్లు వేశారు. ఆ ప్రాంతపు మనుషులు ఊరుకోలేదు. చివరికి 2015 సెప్టెంబర్‌లో ట్వీడ్‌బ్యాంక్ దాకా సుమారు 48 కిలోమీటర్ల మార్గం మళ్లీ తెరిచారు. ఖర్చు తగ్గించడానికి ఎక్కువ భాగం సింగిల్ లైన్ వేశారు, మధ్యలో మూడు చోట్ల మాత్రమే డబుల్ లైన్. అందువల్ల ఒక బండి ఆలస్యమైతే ఎదురుగా వచ్చే బండి డబుల్ లైన్ దగ్గర ఆగి దానికోసం ఎదురుచూస్తుంది. కొన్ని వంతెనలను కూడా ఒక్క లైనుకు సరిపడా వెడల్పుతోనే కట్టారు కనుక రేపు రెండో లైను వేయాలన్నా సులువు కాదు. అయినా నలభై ఆరేళ్ల తరవాత ఆ ఊళ్లకు బండి వచ్చింది. అక్కడి నుంచి మిగతా పాత మార్గాన్ని ఇంగ్లండ్‌లోని కార్లైల్ దాకా పొడిగించాలని వాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.